మతాల సంభాషణలో మూడో మనిషి

మొన్న వేసవి సెలవుల్లో ఒక యువ కథకుడు తన కథ పట్టుకొని మా ఇంటికొచ్చాడు. పీర్ల పండగ చుట్టూ అల్లిన కథ. ఊళ్ళో పీర్లను ఎత్తుకునే వాళ్ళలో సాయిబులు ఇద్దరే, మిగిలిన వాళ్ళంతా ఇతర కులాల వాళ్ళు. ఇది మన పల్లెల్లో కొత్త సంగతేమీ కాదు. కథలో కొత్తగా ఉన్నది ఒక ముసలి నేతగాడు. అతను ఏటా గుండానికి కట్టెలు తోలిస్తాడు. శ్రీరామనవమి పందిరికి వాసాలూ ఇస్తాడు. కాని పీరుకూ మొక్కడు, రాముడికీ మొక్కడు. ఎందుకయ్యా అని అడిగితే, ‘నాకు వాళ్ళెవరూ తెలవదు, మీరు తెలుసు’ అంటాడు. కథంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

మత సామరస్యం మీద వెయ్యబోతున్న ఒక కథా సంకలనానికి కుర్రాడు దీన్ని పంపించాడు. కథ బాగుందని, అయితే ఆ ముసలివాణ్ణి తీసేస్తే వేసుకుంటామని జవాబొచ్చిందట. ఇరు మతాల వాళ్ళ మనోభావాలూ దెబ్బతినకుండా ఉండాలనేది సంకలనం నియమమట. దానికి డబ్బిస్తున్న సంస్థ కూడా అలాగే కోరిందట. ‘మాస్టారూ, తీసెయ్యమంటారా?’ అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వద్దని చెప్పటం తేలికే. కాని అతనికి అది మొదటి అచ్చు. పైగా ఆ సంపాదకులేమీ దుర్మార్గులు కారు. నాలుగు మంచి మాటలు జనానికి చేరాలని తాపత్రయపడుతున్న వాళ్ళే. మరి మంచివాళ్ళకి ఆ ముసలివాడు ఎందుకు అడ్డమయ్యాడు? ఈ ప్రశ్న పట్టుకొని కొన్ని నెలలు చదివాను. ‘మతాల మధ్య సంభాషణ’, ‘హింసాత్మక తీవ్రవాద నివారణ’ అనే పేర్లతో గత పాతికేళ్ళుగా ప్రపంచవ్యాప్తంగా ఒక పెద్ద వ్యవహారం నడుస్తోంది. రాజ్యాలూ, మతపీఠాలూ, ఐక్యరాజ్యసమితీ అందులో భాగస్వాములు. మన కథకుడికి వచ్చిన ఉత్తరం ఆ పెద్ద వ్యవహారం చివరి కొసన వేలాడుతున్న చిన్న ఆకు. అంచేత రచయితలు దీన్ని తెలుసుకోవటం అవసరమని నాకు తోచింది.

ముందు మాట సంగతి చూద్దాం. ‘తీవ్రవాదం’ అనే మాట తెలుగువాడికి ఐక్యరాజ్యసమితి నేర్పాల్సిన మాట కాదు. 1970ల నుంచీ మన పత్రికల్లో, పోలీసు ప్రకటనల్లో ‘తీవ్రవాది’ అంటే నక్సలైటు. ఆ తరవాత అతనికి సాయపడినవాడు, ఆ తరవాత అతని గురించి రాసినవాడు. 1974లో సికింద్రాబాదు కుట్ర కేసు పెట్టి విప్లవ రచయితల్ని అందులో ఇరికించారు. వాళ్ళ కవిత్వాన్నీ, ఉపన్యాసాల్నీ కుట్రలో భాగంగా చూపించారు. 1989లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. మధ్యలో పదిహేనేళ్ళు. ఆ రచయితల రాజకీయాలతో మనలో చాలామందికి అభిప్రాయ భేదాలు ఉండొచ్చు, ఉన్నాయి కూడా. కాని నిర్వచనం లేని మాట ఎంత దూరం పాకుతుందో చెప్పటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకి దొరకదు.

2016 జనవరిలో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కి మూన్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందు హింసాత్మక తీవ్రవాద నివారణ కార్యాచరణ ప్రణాళిక పెట్టాడు. డెబ్భైకి పైగా సిఫార్సులున్న పత్రం. అందులో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది: తీవ్రవాదం ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క జాతికీ సొంతం కాదని చెప్పి ఊరుకోకుండా, దాన్ని పుట్టించే పరిస్థితుల్ని పేర్లు పెట్టి చెప్పింది. బతుకుతెరువు లేకపోవటం, వివక్ష, చెడ్డ పాలన, మానవహక్కుల ఉల్లంఘన, ఏళ్ళ తరబడి ఆగని యుద్ధాలు, చివరికి జైళ్ళు. ఇవి మనం ఎప్పటినుంచో అంటున్నవే. కాని అదే పత్రం, హింసాత్మక తీవ్రవాదానికి స్పష్టమైన నిర్వచనం లేదని కూడా ఒప్పుకుంది. నిర్వచనం పని ఆయా రాజ్యాలకి వదిలేసింది. జబ్బు పేరు తెలియకుండా మందు చీటీ రాసి, పేరు మీరే రాసుకోండని రోగిని కొట్టేవాడి చేతికిచ్చినట్టుంది ఈ సంగతి. ఐక్యరాజ్యసమితి తరఫున తీవ్రవాద వ్యతిరేక చర్యల్లో మానవహక్కుల్ని పరిశీలించే ప్రత్యేక ప్రతినిధులే 2016లోనూ, 2020లోనూ ఇదే అభ్యంతరం తమ నివేదికల్లో చెప్పారు.

నిర్వచనం లేని మాట బడిలోకి వస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూడొచ్చు. 2015లో వాళ్ళు చేసిన చట్టం ప్రకారం, పిల్లలు తీవ్రవాదం వైపు మొగ్గుతున్నారేమో కనిపెట్టి చూడటం ఉపాధ్యాయుల విధి అయింది. ఆ ఏడే లండనులో ఒక బడిలో ఫ్రెంచి క్లాసు జరుగుతోంది. పర్యావరణం మీద చర్చ. చెట్లను కాపాడటానికి హింసకు దిగే వాళ్ళ గురించి మాట్లాడుతూ పద్నాలుగేళ్ళ ముస్లిం కుర్రాడు ‘పర్యావరణ ఉగ్రవాదం’ అనే అర్థమొచ్చే ఫ్రెంచి మాట వాడాడు. తరవాత అతన్ని విడిగా పిలిచి, ఐసిస్‌తో నీకేమైనా సంబంధం ఉందా అని అడిగారు. ఆ సంగతి అప్పటి పత్రికల్లో వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి. ఒక పిల్లవాడు పరాయి భాషలో ఒక కష్టమైన సమాసాన్ని సరిగ్గా వాడితే నేను చేసే పని, క్లాసంతటి చేతా చప్పట్లు కొట్టించటం.

ఇక్కడ చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్ళాలి. తీవ్రవాదాన్ని నివారించే అంతర్జాతీయ సహకారానికి ముందు, దాన్ని పెంచి పోషించిన అంతర్జాతీయ సహకారం ఒకటుంది. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. అది పొరపాటని ఇవాళ మనలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆనాడు ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. దానికి ప్రతిగా అమెరికా, సౌదీ అరేబియా డబ్బు పోస్తే, పాకిస్తాన్ దారి ఇచ్చింది. ఆయుధాల సంగతి లోకమెరిగిందే. నన్ను కలవరపెట్టింది పాఠ్యపుస్తకాల సంగతి. 1984 నుంచి 1994 దాకా అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ దాదాపు 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి, ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం చేత ఆఫ్ఘన్ పిల్లల కోసం దరీ, పష్తో భాషల్లో పుస్తకాలు తయారు చేయించింది. ఆ వాచకాల నిండా జిహాదు మాటలు; తుపాకుల, తూటాల, సైనికుల, మందుపాతరల బొమ్మలు. చిన్న తరగతుల పిల్లలకి లెక్కలు నేర్పటానికి కూడా ట్యాంకులూ, తుపాకులే బొమ్మలు.

ఎక్కాలు నేర్పటానికి మనం చింతపిక్కలు వాడతాం. తూటాలతో లెక్క నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఏమయ్యాడో చెప్పనక్కర్లేదు. సోవియట్లు వెళ్ళిపోయినా ఆ పుస్తకాలు పోలేదు. తాలిబాన్లు వచ్చి అవే పుస్తకాలు వాడారు. వాళ్ళు చేసిన సవరణ ఒక్కటే, బొమ్మల్లో మనుషుల ముఖాలు చెరిపేశారు. తుపాకులు అలాగే ఉంచారు. 2002లో తుపాకులు తీసేసి, మత పాఠాలు అలాగే ఉంచి, మళ్ళీ అమెరికా సాయంతోనే కొత్త ప్రతులు అచ్చు వేయించారు. తీవ్రవాదం ఏదో ఒక మతగ్రంథంలోంచి దానంతటది ఊడిపడుతుందని నమ్మేవాళ్ళు ఈ పుస్తకాల చరిత్ర చదవాలి. మతగ్రంథం వెయ్యేళ్ళ పైగా ఉంది. ఆ వాచకం 1984లో తయారయింది.

సామ్రాజ్యవాదం తన పెరట్లో నాటిన చెట్టు 2001 సెప్టెంబరులో దాని మీదే కూలింది. విచిత్రమేమంటే, ఆ 2001వ సంవత్సరాన్నే ఐక్యరాజ్యసమితి ‘నాగరికతల మధ్య సంభాషణ’ సంవత్సరంగా మూడేళ్ళ ముందే ప్రకటించి ఉంది. ఇరాన్ అధ్యక్షుడు ఖతామీ ప్రతిపాదన అది. 1993లో హంటింగ్టన్ అనే అమెరికన్ పండితుడు, ఇకమీదట జరగబోయేవి నాగరికతల మధ్య ఘర్షణలని ఒక వ్యాసం రాశాడు. దానికి జవాబుగా ఖతామీ సంభాషణ అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ ఒక దోషం సమానంగా ఉందని నా అభిప్రాయం. నాగరికత ఒక మనిషన్నట్టూ, దానికి ఒక నోరూ, ఒక పిడికిలీ ఉన్నట్టూ ఇద్దరూ మాట్లాడారు. ఇస్లాం నాగరికత తరఫున మాట్లాడేది ఎవరు, రాజా, కూలివాడా? హిందూ నాగరికత తరఫున మాట్లాడేది పీఠాధిపతా, శంబుకుడా? త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ రాసి నూరేళ్ళు దాటింది గనక ఈ ప్రశ్న మన పాఠకులకి కొత్త కాదు.

దరిమిలా సంస్థలు పుట్టుకొచ్చాయి. 2005లో స్పెయిన్, టర్కీల చొరవతో నాగరికతల కూటమి. 2010లో జోర్డాన్ రాజు ప్రతిపాదన మీద ఏటా ఫిబ్రవరి మొదటి వారం సర్వమత సామరస్య వారం. 2012 నవంబరులో వియన్నా నగరంలో సౌదీ అరేబియా, ఆస్ట్రియా, స్పెయిన్ కలిసి స్థాపించిన మతాంతర సంభాషణ కేంద్రం. సౌదీ రాజు అబ్దుల్లా పేరు దానికి పెట్టారు, వాటికన్ పరిశీలక హోదాలో చేరింది. ఈ ఆఖరి దాని దగ్గర మనం కాస్సేపు ఆగాలి.

ఆ కేంద్రం నడిచే ఖర్చులో సింహభాగం సౌదీ ప్రభుత్వానిది. దాని మండలిలో యూదులు, క్రైస్తవులు, ముస్లిములు, హిందువులు, బౌద్ధులు ఉన్నారు. బాగానే ఉంది. 2015 జనవరి 7న పారిస్‌లో ఒక వ్యంగ్య పత్రిక కార్యాలయం మీద దాడి చేసి రచయితల్నీ, బొమ్మలు గీసేవాళ్ళనీ చంపారు. సౌదీ ప్రభుత్వం ఆ దాడిని ఖండించింది. రెండు రోజుల తరవాత, జనవరి 9న, జెడ్డాలో రాయిఫ్ బదావీ అనే రచయితను మసీదు ముందు నిలబెట్టి యాభై కొరడా దెబ్బలు కొట్టారు. మతాన్ని రాజ్యం నుంచి వేరు చెయ్యాలని రాసిన నేరానికి అతనికి పదేళ్ళ జైలు, వెయ్యి కొరడా దెబ్బలు శిక్ష పడింది. వియన్నా కేంద్రం దీన్ని ఖండించాలని ఆస్ట్రియా ఛాన్సలర్ అడిగాడు. కేంద్రం హింస మంచిది కాదని మొత్తం మీద ఒక మాట అని ఊరుకుంది. సంభాషణ కోసమే పుట్టిన సంస్థకి ఆ రోజున మాట పెగల్లేదు.

అదే సంవత్సరం నవంబరులో అష్రఫ్ ఫయాద్ సంగతి బయటికొచ్చింది. ఇతను కవి, చిత్రకారుడు. సౌదీలో పుట్టి పెరిగిన పాలస్తీనా శరణార్థి కుటుంబం వాడు. 2008లో బీరూట్‌లో ఒక కవితా సంపుటి అచ్చయింది. 2013లో అబ్హా అనే ఊళ్ళో ఒక కాఫీ హోటల్లో ఎవరితోనో మాటా మాటా వచ్చింది; ఆ తరవాత అతను మతాన్ని అవమానించాడని ఫిర్యాదు; దానికి సాక్ష్యం ఆ కవితలు. మొదట నాలుగేళ్ళ జైలు, ఎనిమిది వందల కొరడా దెబ్బలన్నారు. 2015 నవంబరులో మళ్ళీ విచారించి, మతభ్రష్టుడని మరణశిక్ష వేశారు. ప్రపంచంలో కవులు ఊరుకోలేదు. 2016 జనవరి 14న అనేక దేశాల్లో ఒకే రోజు అతని కవితలు చదివారు. ఫిబ్రవరిలో మరణశిక్ష రద్దు చేసి, ఎనిమిదేళ్ళ జైలు, ఎనిమిది వందల కొరడా దెబ్బలు, పైగా తన కవిత్వాన్ని తానే బహిరంగంగా నిరాకరించాలని తీర్పు మార్చారు. 2022లో విడుదలయ్యాడు. రాయిఫ్ బదావీ కూడా ఆ ఏడే పదేళ్ళు పూర్తి చేసుకొని బయటికొచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందు, 2019లో, ఆస్ట్రియా పార్లమెంటు ఈ కేంద్రంతో తెగతెంపులు చేసుకోవాలని తీర్మానించింది. కేంద్రం 2022లో లిస్బన్ నగరానికి తరలిపోయింది.

అష్రఫ్ ఫయాద్ ఆ సంభాషణ బల్ల దగ్గర ఏ కుర్చీలో కూర్చోవాలి? అతను ఇస్లాం ప్రతినిధి కాడు. క్రైస్తవుడు కాడు. ఏ మతపీఠమూ అతన్ని పంపదు. పుట్టిన దేశంలో పౌరసత్వం లేదు గనక ఏ రాజ్యమూ పంపదు. మతాలు ఒకదానితో ఒకటి ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా, అతని మీద కొరడా ఆగటానికి ఆ మర్యాదలో ఏర్పాటు లేదు. మా కుర్రాడి కథలో ముసలి నేతగాడు ఇతనే.

అయితే ఇంతటితో ఆగిపోయి, ఇదంతా పాలకవర్గాల బూటకమని కొట్టిపారెయ్యటం మన సభల్లో ఒక అలవాటుగా మారింది. నేను ఒప్పుకోను. నైజీరియాలో కదూనా అనే ఊరుంది. 1992 నాటి మత కలహాల్లో జేమ్స్ వూయే అనే క్రైస్తవ బోధకుడు చెయ్యి పోగొట్టుకున్నాడు. ముహమ్మద్ అషాఫా అనే ఇమాము తన గురువునూ, ఇద్దరు బంధువులనూ పోగొట్టుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురు దళాలు నడిపినవాళ్ళు. ఒకరినొకరు చంపాలని కొన్నాళ్ళు చూశారు. అలాంటి ఇద్దరూ 1995లో కలిసి ఒక మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టారు. బడుల్లోకి, బజార్లలోకి, కొట్లాటకి సిద్ధమైన కుర్రాళ్ళ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. 2002లో కదూనా శాంతి ప్రకటన మీద మత పెద్దల చేత సంతకాలు చేయించటంలో వీళ్ళ పాత్ర పెద్దది. 2006లో వీళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చి ప్రపంచమంతా తిరిగింది. ఇతర దేశాల సాయం అందింది. అంతర్జాతీయ సహకారం అంటే ఇది కూడా. ఈ సంభాషణకీ వియన్నా సంభాషణకీ తేడా ఏమిటంటే, ఇక్కడ మాట్లాడేవాళ్ళిద్దరూ తాము చేసిన తప్పు ఒప్పుకొని మాట్లాడారు. తెగిన చెయ్యి ఎదురుగా ఉన్నప్పుడు మాటలు పొదుపుగా వస్తాయి.

రెండో సంగతి మరీ ముఖ్యం. ఇది రచయితలకి నేరుగా పనికొచ్చేది. 1999లో పాకిస్తాన్, ఇస్లామిక్ దేశాల సంస్థ తరఫున, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిషన్‌లో ఒక తీర్మానం పెట్టింది. మతాల పరువు తియ్యటాన్ని ఖండించాలని దాని సారాంశం. ఆ తరవాత దశాబ్దం పైగా ఏటా అలాంటి తీర్మానాలు నెగ్గుతూ వచ్చాయి. వినటానికి ఇంపుగానే ఉంటుంది. కాని మతానికి పరువు ఉన్నదని ఒప్పుకుంటే, దాని పరువు పోయిందని చెప్పే హక్కు ఎవరిది? మతం నోరు విప్పి చెప్పదు. పూజారీ, ముల్లా, పోలీసూ చెబుతారు. రానురాను మద్దతు తగ్గింది. 2010లో మానవహక్కుల మండలిలో అనుకూలం 20, వ్యతిరేకం 17, తటస్థం 8. మరుసటి ఏడు జనవరిలో పాకిస్తాన్ పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్‌ను, మార్చి నెల మొదట్లో కేంద్ర మంత్రి షాబాజ్ భట్టీని, దైవదూషణ చట్టాన్ని విమర్శించినందుకు కాల్చి చంపారు. భట్టీ చనిపోయిన మూడు వారాలకు, 2011 మార్చి 24న, మండలి ఏకాభిప్రాయంతో 16/18 తీర్మానం ఆమోదించింది. అందులో మతాల పరువు అన్న మాట లేదు. మతం కారణంగా మనుషుల మీద జరిగే వివక్ష, ద్వేషం, హింస, వీటిని ఎదుర్కోవాలని ఉంది. రక్షణ మతానిది కాదు, మనిషిది. పన్నెండేళ్ళ దౌత్యంలో ఇంతకంటే విలువైన సవరణ నాకు కనబడలేదు.

దీని కొనసాగింపుగా 2012 అక్టోబరులో మొరాకో రాజధాని రబాత్‌లో నిపుణులు కూర్చుని ఒక కార్యాచరణ పత్రం రాశారు. ఒక మాట కేవలం నొప్పించే మాటా, లేక హింసకు పురికొల్పే నేరమా అని తేల్చటానికి ఆరు గీటురాళ్ళు పెట్టారు. ఆ మాట అన్న సందర్భం ఏమిటి; అన్నవాడికి సమాజంలో ఉన్న స్థానం ఏమిటి; అతని ఉద్దేశం ఏమిటి; మాటలోని విషయం, దాని రూపం, శైలి ఎలాంటివి; అది ఎంతమందికి, ఎంత దూరం చేరింది; దానివల్ల హాని జరిగే అవకాశం ఎంత, ఎంత తొందరలో. ఈ ఆరూ తేలితేగాని క్రిమినల్ శిక్ష మాట ఎత్తకూడదు. దైవదూషణ చట్టాలున్న దేశాలు వాటిని రద్దు చేసుకోవాలని కూడా అందులో ఉంది.

ఈ ఆరు ప్రశ్నలు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎమ్మే క్లాసులో మా గురువులు నేర్పిన ప్రశ్నలు ఇవేగా! వక్త ఎవరు, శ్రోత ఎవరు, సందర్భమేది, వాచ్యమేది, ధ్వని ఏది. పాత్ర అన్న మాటని రచయిత మాటగా చదవకూడదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా చెబుతాం. అంతర్జాతీయ న్యాయం చాలా దూరం తిరిగి, సాహిత్య విమర్శ ఎప్పుడూ నిలబడే చోటికే వచ్చి చేరింది. అందుకే ఈ వ్యవహారం దౌత్యవేత్తలకి వదిలెయ్యదగ్గది కాదంటున్నాను.

మన చట్టం సంగతి కూడా చూడండి. 1924లో లాహోరులో ‘రంగీలా రసూల్’ అనే కరపత్రం వచ్చింది. 1927లో హైకోర్టు ప్రచురణకర్తను నిర్దోషిగా వదిలేసింది. ఆందోళనలు చెలరేగితే బ్రిటిష్ ప్రభుత్వం అదే ఏడు శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షన్ చేర్చింది. ప్రచురణకర్తను 1929లో పొడిచి చంపారు. చట్టం అతన్ని కాపాడలేదు. ఆ సెక్షన్‌ను 1957లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో చేసిన దానికే అది వర్తిస్తుందని చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 299వ సెక్షన్ అయింది. పేరు మారింది, నెంబరు మారింది, మాటలు దాదాపు అవే. ఉద్దేశం నిరూపించాలన్నది కోర్టులో, ఎన్నో ఏళ్ళకి. ఫిర్యాదు మాత్రం ఒక్క పూటలో.

2007 ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. కొందరు శాసనసభ్యులు అనుచరులతో వచ్చి ఆమె మీద దాడి చేశారు. పూలకుండీలూ, చేతికందినవీ విసిరారు. తరవాత దాడి చేసినవాళ్ళ మీద ఎలా కేసు పెట్టారో, ఆమె మీద కూడా అలాగే, మతాల మధ్య వైరం పెంచిందని కేసు పెట్టారు. ఆ ఆరు ప్రశ్నలు అక్కడ వేసి చూడండి. స్థానం ఎవరిది? శాసనసభ్యుడిదా, దేశం వదిలి వచ్చిన రచయిత్రిదా? అనుచరుల్ని వెంటపెట్టుకొచ్చింది ఎవరు? హాని చేతికి ఎంత దగ్గరలో ఉంది, పుస్తకంలోనా, పూలకుండీలోనా? ఇదంతా ఒక మతం వాళ్ళ గొడవని తృప్తిపడే మిత్రులకి ఒక్క మాట. 2013లో దభోల్కర్, 2015లో పన్సారే, కల్బుర్గి, 2017లో గౌరీ లంకేశ్ ఏ చేతుల్లో పోయారో మరిచిపోవద్దు. కల్బుర్గి హంపి విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా పనిచేసినవాడు, వచన సాహిత్య పరిశోధకుడు. మన పక్కింటి పెద్దమనిషి.

రబాత్ పత్రాన్ని గెలిచిన కోటగా అనుకోవటానికి వీల్లేదు. స్వీడన్‌లో ఖురాను ప్రతిని తగలబెట్టిన ఘటన తరవాత 2023 జూలై 12న మానవహక్కుల మండలి కొత్త తీర్మానం చేసింది. అనుకూలం 28, వ్యతిరేకం 12, తటస్థం 7. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. గ్రంథాన్ని తగలబెట్టటం నీచమైన పని. అక్కడి వలస ముస్లిముల మీద విద్వేషం దాని వెనక ఉందనటంలో నాకు సందేహం లేదు. కాని తీర్మానం మళ్ళీ గ్రంథం వైపు తిరిగింది, మనిషి వైపునుంచి. అదే ఏడు డిసెంబరులో డెన్మార్కు మతగ్రంథాల్ని అవమానించటం నేరమని చట్టం చేసింది. అంతకు ఆరేళ్ళ ముందే, 2017లో, పాత దైవదూషణ చట్టాన్ని రద్దు చేసుకున్న దేశం అది.

ఇంత జరిగినా ఆ బల్ల దగ్గర మూడో మనిషికి ఒక చిన్న పీట వేసిన పత్రం ఒకటుంది. 2017 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం పిలుపు మీద బీరూట్‌లో వివిధ మతాల వాళ్ళూ, పౌర సంఘాల వాళ్ళూ కలిసి ఒక ప్రకటన, పద్ధెనిమిది వాగ్దానాలు ఆమోదించారు. విశ్వాసమంటే దేవుణ్ణి నమ్మేవాళ్ళదే కాదని, నమ్మనివాళ్ళదీ, నాస్తికులదీ అందులో చేరుతుందని అక్కడ రాశారు. మత పెద్దలే రాశారు. అష్రఫ్ ఫయాద్ పుస్తకం అచ్చయింది కూడా ఆ ఊళ్ళోనే.

మా కుర్రాడికి ఈ కాగితాల సంగతంతా చెప్పలేదు. కథ ఇంకోసారి చదివి వినిపించమన్నాను. ముసలివాడి మాట దగ్గరికొచ్చేసరికి అతనే ఆగి, ‘ఇక్కడ ఇంకొంచెం ఉండాలి మాస్టారూ, గుండం ఆరిపోయాక వాడు బూడిద ఎత్తి పోసుకోవటం రాయలేదు’ అన్నాడు. పల్లెల్లో ఆ బూడిద తీసుకెళ్ళి పిల్లల నుదుట పెడతారు. నేతగాడు పొలం గట్టున పోస్తాడట. ఆ నాలుగు వాక్యాలు అక్కడే కూర్చుని రాశాడు. సంకలనం వాళ్ళకి కథ వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాడు. ఆ సంకలనం దసరాకి వచ్చింది, చదివాను. అందులో రెండు మూడు మంచి కథలున్నాయి. ఇతని కథ నా బల్ల మీదే ఉంది. ఇంతవరకూ మూడు పత్రికలకి పంపించాం.